ఇజ్రాయెల్‌లో చూసుకున్న హాహాం గారికి మన ఊళ్ళో సంవత్సరీకం ఎలా చెయ్యాలి

మన కోనసీమ నుంచి, భీమవరం, నరసాపురం వైపు నుంచి కేర్‌గివర్ పనికి ఇజ్రాయెల్ వెళ్ళొచ్చినవాళ్ళు చాలామందే ఉన్నారు. అక్కడ అయిదేళ్ళో ఆరేళ్ళో ఒక పెద్దాయన్ని కన్నబిడ్డలా చూసుకుని, ఆయన పోయాక పెట్టె సర్దుకుని ఇంటికొచ్చేస్తాం. ఏడాది తిరిగేసరికి ఆ రోజు గుర్తొస్తుంది, కానీ ఏం చెయ్యాలో తెలీదు. మన పద్ధతిలో చేస్తే వాళ్ళకి తప్పవుతుందేమోనని భయం, ఏమీ చెయ్యకపోతే మనసు ఒప్పుకోదు. ఇది అలాంటివాళ్ళ కోసం రాస్తున్నాను.

నేను పనిచేసింది బాత్ యామ్‌లో, టెల్ అవీవ్‌ని ఆనుకుని సముద్రం ఒడ్డున ఉంటుంది. టర్కీ నుంచి వచ్చిన యూదులు అక్కడ బాగా ఎక్కువ. నేను చూసుకున్న తాతగారు ఇజ్మీర్‌లో పుట్టినాయన, ఒక చిన్న ప్రార్థనా మందిరానికి ఏళ్ళ తరబడి పెద్దగా ఉన్నారు. మిగతా యూదులు రబ్బీ అనేదాన్ని వీళ్ళు హాహాం అంటారు, జ్ఞాని అని అర్థం. మందిరాన్ని వాళ్ళు ముద్దుగా 'కల్' అంటారు. శనివారం ఆయన్ని చక్రాల కుర్చీలో కల్‌కి తీసుకెళ్తుంటే దారిలో కూరగాయల కొట్టువాడి దగ్గర్నుంచి బ్యాంకు మేనేజర్ దాకా ఆగి చెయ్యి ముద్దు పెట్టుకునేవాళ్ళు, అంత ప్రేమ ఆయనంటే.

ఆయన భాష లదీనో. 1492లో స్పెయిన్ రాజు, రాణి యూదుల్ని దేశం వదిలి పొమ్మన్నారు. వాళ్ళలో చాలామంది టర్కీ సుల్తాను రాజ్యానికి చేరి, ఇస్తాంబుల్, ఇజ్మీర్, సలోనికా, సారాయెవో లాంటి ఊళ్ళలో స్థిరపడ్డారు. కట్టుబట్టలతో వచ్చినా ఆనాటి స్పానిష్‌ని మాత్రం వదల్లేదు, దాన్ని ఇళ్ళల్లో 500 ఏళ్ళు మాట్లాడుకున్నారు. హీబ్రూ, టర్కిష్, గ్రీకు మాటలు కలిసి అది వాళ్ళ సొంత భాషయింది. అందులో మతం ఎంత లోతుగా దిగిందో ఒక్క మాటలో చెప్తాను. స్పానిష్‌లో దేవుడు 'దియోస్', వీళ్ళు 'ఎల్ దియో' అంటారు, చివర 'స్' ఉంటే బహువచనంలా వినిపిస్తుంది, దేవుడు ఒక్కడే కదా అని. ఆదివారాన్ని స్పానిష్‌లో 'దొమింగో' అంటారు, ప్రభువు దినం అని. వీళ్ళకది పనికిరాదు, అందుకని అరబ్బీ నుంచి వచ్చిన 'అల్హాద్' వాడతారు. 1943లో సలోనికా యూదుల్ని దాదాపు అందర్నీ నాజీలు ఆష్విట్జ్‌కి తరలించి చంపేశారు. వాళ్ళతోపాటు లదీనో మాట్లాడే ఇళ్ళూ పోయాయి. ఇజ్రాయెల్ చేరినవాళ్ళ పిల్లలు హీబ్రూకి మారిపోయారు.

ఇప్పుడు అసలు సంగతి. వయసు మీదపడి జ్ఞాపకం సడలేటప్పుడు మనిషి తిరిగి చిన్నప్పటి భాషలోకి వెళ్ళిపోతాడు. మా తాతగారు చివరి రెండేళ్ళు హీబ్రూ మర్చిపోతూ వచ్చారు, రాత్రి మూడింటికి లేచి నీళ్ళడిగినా లదీనోలోనే అడిగేవారు. అది ఆయన కొడుక్కి సగమే అర్థమయ్యేది, మనవలకి అసలు తెలీదు. పక్కనున్నది నేను. అంటే ఆ హాహాం గారి చివరి మాటలు విన్నది రాజోలు పక్క పల్లెటూరి మనిషి. మీలో చాలామంది పరిస్థితీ ఇదే అయ్యుంటుంది. అందుకే దీపం, భోజనం కంటే ముందు ఆ మాటల సంగతి చూడాలంటాను.

ఒక రూళ్ళ పుస్తకం కొనండి. గుర్తొచ్చిన ప్రతి మాటా తెలుగు లిపిలో రాయండి, మన లిపికి ఆ భాష బాగానే ఒదుగుతుంది. 'z' శబ్దం వస్తే 'జడ'లో 'జ' లాగా పలకాలని పక్కన గుర్తు పెట్టుకోండి, 'dj' వస్తే 'జీడిపప్పు'లో 'జీ' లాగా. ఈ తేడా మన గోదావరి నోటికి పుట్టుకతోనే ఉంది, ఇబ్బంది పడక్కర్లేదు. మాటకి అర్థం తెలీకపోయినా ఫర్వాలేదు, ఎప్పుడన్నారో మాత్రం తప్పకుండా రాయండి, ఏం చేస్తూ అన్నారు, ఎవరితో అన్నారు, నవ్వుతూనా కోపంగానా అని. అర్థం తర్వాత ఎవరైనా చెప్తారు, ఆ సందర్భం మాత్రం మీ ఒక్కరికే తెలుసు.

నా పుస్తకంలో మొదటి పేజీ చూపిస్తాను. నాకు తుమ్మొస్తే ఆయన మంచం మీంచే 'బివాస్, క్రెస్కాస్, ఎంగ్రాందెస్కాస్, కొమో ఉన్ పెషీకో ఎన్ ఆగ్వాస్ ఫ్రెస్కాస్' అనేవారు. బతకాలి, పెరగాలి, పెద్దదానివవ్వాలి, చల్లని నీళ్ళలో చేపపిల్లలా అని. మా అమ్మమ్మ మేం తుమ్మితే 'చిరంజీవ, నూరేళ్ళు' అనేది, అదే గొంతు, అదే కంగారు. నది పక్కన పుట్టినదాన్ని కదా, ఆ చేపపిల్ల మాట విన్న రోజు నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. రెండో మాట 'కపరా'. ఒకసారి నా చేతిలోంచి ఆయన టీ గ్లాసు జారి పగిలింది, టెన్షన్‌తో నిలబడిపోయాను. ఆయన 'కపరా, కపరా' అని చెయ్యి ఊపారు, అంటే పోయేదేదో దాంతో పోయిందిలే అని, అచ్చం మనం 'దిష్టి పోయిందిలే' అన్నట్టే. అన్నం పెడితే 'బెందీచాస్ మానోస్', వండిన చేతులు దీవెన పొందాలని, మనవాళ్ళు 'అన్నదాతా సుఖీభవ' అన్నట్టు. నన్ను 'హనుమికా' అని పిలిచేవారు. మొదట్లో హనుమంతుడి పేరేమో అనుకున్నాను, టర్కిష్‌లో 'హనుమ్' అంటే గౌరవమైన ఇల్లాలు, దానికి ముద్దు తోక తగిలించారన్నమాట. నేను ఊరికి సెలవు మీద బయల్దేరేటప్పుడు 'కమీనోస్ దె లెచె ఇ మియెల్' అన్నారు, నీ దారులన్నీ పాలూ తేనే కావాలని.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. రాసిన మాటల్ని ఫోన్‌లో స్పానిష్ అనువాదంలో పెట్టి 'సరిచేసుకోకండి'. ఇప్పుడు అనడానికి ఆయన 'అగోరా' అంటారు, నేటి స్పానిష్‌లో 'అవోరా' అని ఉంటుంది. తప్పు ఆయనది కాదు, ఆయనది పాత మాట, వాళ్ళ ముత్తాతలు పడవెక్కినప్పుడు నోట్లో ఉన్న మాట. చదవడాన్ని 'మెల్దార్' అంటారు, నేటి స్పానిష్‌లో ఆ మాట వాడుకలో లేదు. మా అమ్మమ్మ 'మాస్టారు గోరు' అంటే దాన్ని 'గారు' అని దిద్ది రాస్తే అది మా అమ్మమ్మ మాటేనా? ఇదీ అంతే, విన్నది విన్నట్టు రాయండి.

ఆ పెద్దాయన చేతిరాత కాగితాలు ఏవైనా మీ దగ్గరుంటే, లేక వాళ్ళింట్లో ఇంకా ఉన్నాయని తెలిస్తే, వెంటనే పిల్లలకి చెప్పండి. పాతతరం వాళ్ళు లదీనోని 'సొలిత్రెయో' అనే గొలుసుకట్టు రాతలో రాసేవారు. అవి హీబ్రూ అక్షరాలే అయినా నేటి హీబ్రూ చదివేవాళ్ళకి పిచ్చిగీతల్లా కనపడతాయి, అందుకే చెత్తలోకి పోతుంటాయి. టర్కీలో 1928లో లాటిన్ అక్షరాలొచ్చాక ఆ రాత నేర్చుకునేవాళ్ళు తగ్గిపోయారు. మా తాతగారి దగ్గర నూనె మరకలున్న ఒక చిన్న నోటుబుక్కు ఉండేది, కోడలు అది పాత చిట్టాలనుకుంది. తీరా చదివించాక ఒక పక్క ఆయన భార్య రాసుకున్న వంటలు, వెనకనుంచి తిప్పితే ఆయన ప్రసంగాలకి రాసుకున్న ముక్కలు. ఇలాంటి కాగితాలు తీసుకుని భద్రపరిచే చోట్లు ఉన్నాయి. ఇజ్రాయెల్‌లో లదీనోకి ప్రభుత్వం చట్టం చేసి పెట్టిన జాతీయ సంస్థ ఉంది, అమెరికాలో సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో సెఫర్డీల, అంటే స్పెయిన్ మూలాలున్న యూదుల, పుస్తకాలు, ఉత్తరాలు, కాగితాలు డిజిటల్‌గా దాస్తున్నారు. ఇవ్వాలా వద్దా అన్నది కుటుంబం ఇష్టం, మనం చెయ్యగలిగింది గుర్తుచెయ్యడం.

వాట్సాప్‌లో ఆయన గొంతు ఉందా? ఈ రోజే తీసి తారీఖు పేరుతో దాచండి, ఒకటి ఫోన్‌లో, ఒకటి పెన్‌డ్రైవ్‌లో, ఒకటి వేరే ఊళ్ళో ఉన్నవాళ్ళ దగ్గర. నేను ఫోన్ రిపేరుకిచ్చినప్పుడు కొట్టువాళ్ళు అడక్కుండా అంతా చెరిపేశారు, ఆయన శుక్రవారం సాయంత్రం నాకిచ్చిన దీవెన పోయింది. 1996 నవంబరు తుఫాను మన కోనసీమలో ఎన్ని ఇళ్ళ పెట్టెల్ని ముంచిందో పెద్దవాళ్ళకి గుర్తే, మా తాతయ్య ఉత్తరాలు అలాగే బురదలో కలిసిపోయాయి. రెండుసార్లు పోగొట్టుకున్నదాన్ని కాబట్టి ఇంతగా చెప్తున్నాను. ఇంకోటి, ఆ గొంతుకి పాట కలిపి రీల్స్‌లో పెట్టకండి. కుటుంబాన్ని అడగకుండా ఎవరికీ పంపకండి, ఆయన ఒక సమాజానికి పెద్ద.

ఇప్పుడు సంవత్సరీకానికి వద్దాం. లదీనో వాళ్ళు దీన్ని 'మెల్దాదో' అంటారు, పైన చెప్పిన మెల్దార్ లోంచే వచ్చింది, అంటే చదువుకోవడం. ఇంట్లోనో కల్‌లోనో బంధువులు చేరి పోయినవాళ్ళ పేరుమీద శాస్త్రం చదువుతారు, తర్వాత కూర్చుని తింటారు, ఆయన ముచ్చట్లు చెప్పుకుంటారు.

తారీఖు ఇంగ్లీషు క్యాలెండరుది కాదు. మనకి తిథి ఎలాగో వాళ్ళకి హీబ్రూ నెల, రోజు అలాగ. చంద్రుణ్ణి బట్టే నెలలు, మన అధిక మాసం లాగే 19 ఏళ్ళలో 7 సార్లు అదార్ నెల రెండుసార్లొస్తుంది. మనకి రోజు తెల్లారితే మొదలు, వాళ్ళకి పొద్దుగూకితే మొదలు. కాబట్టి ఆయన చీకటిపడ్డాక పోయారా ముందు పోయారా అన్నది ముఖ్యం, ఒక్క గంటతో తిథి మారిపోతుంది. నెట్‌లో హీబ్రూ క్యాలెండరు లెక్కగట్టేవి ఉన్నాయి, అయినా పిల్లల్ని అడిగి ఖాయం చేసుకోవడం మంచిది.

ఆ సాయంత్రం సూర్యుడు గుంకే ముందు దీపం పెట్టండి, మర్నాడు పొద్దుగూకేదాకా వెలగాలి. అక్కడైతే 24 గంటల కొవ్వొత్తి గాజుగ్లాసులో అమ్ముతారు, ఇక్కడ లోతైన గాజుగ్లాసులో సగం నీళ్ళు, పైన నూనె, తేలే వత్తి చాలు. నూనెదీపం వాళ్ళకీ పాత అలవాటే. మన గాలికి ఆరిపోకుండా గూట్లో పెట్టండి. శుక్రవారం సాయంత్రం వస్తే మాత్రం ఆలస్యం చెయ్యొద్దు, శనివారపు విశ్రాంతి దినం, సబ్బాతు, అప్పుడు మొదలైతే వాళ్ళు నిప్పు ముట్టుకోరు.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. మొదటి ఏడు ఆయన ఫొటోకి బొట్టు పెట్టి, కడియం నుంచి తెప్పించిన చామంతి దండ వేసి, అగరొత్తులు వెలిగించి వీడియో కాల్ చేశాను. ఆయన కూతురు ఏడ్చింది, కృతజ్ఞత చెప్పింది, ఆ తర్వాత మెల్లిగా అంది, 'నాన్న మనిషి బొమ్మకి మొక్కడం ఒప్పుకునేవారు కాదమ్మా' అని. నిజమే, ఆయన జీవితమంతా బోధించిందే అది. దాంతో దండ తీసేశాను. ఫొటో పక్కన పెట్టుకుని చూసుకోండి, దీపాన్ని మాత్రం దాని ముందు హారతిలా పెట్టకండి, వేరే చోట పెట్టండి. మన ప్రేమ మన పద్ధతిలోనే చూపించాలనిపిస్తుంది, కానీ ఆయన్ని తలుచుకునే రోజున ఆయన నమ్మకానికే చోటివ్వాలి.

కద్దీష్ అనే ప్రార్థన మనం చదవకూడదు. దానికి పదిమంది యూదులు ఉండాలి, అది కొడుకుల బాధ్యత. యూట్యూబ్‌లో చూసి పలకడం గౌరవం అనిపించుకోదు. మనం చెయ్యగలిగింది వేరే ఉంది, అదీ వాళ్ళ ఆచారంలోదే. కీర్తనలు చదవొచ్చు. తెలుగు బైబిల్లో 119వ కీర్తన తీయండి, అందులో 22 భాగాలు, భాగానికి 8 వచనాలు, ప్రతి భాగం పైన ఆలెఫ్, బేత్ అని హీబ్రూ అక్షరం పేరుంటుంది. పోయినవాళ్ళ పేరుని హీబ్రూలో రాసి, ఆ అక్షరాల భాగాలు వరసగా చదువుతారు. ఉదాహరణకి ఇజ్మీర్‌లో 1788లో పుట్టి 1868లో పోయిన హాయిమ్ పలాచీ అనే మహా హాహాం ఉన్నారు, మా తాతగారు రోజూ తలుచుకునేవారు ఆయన్ని. హాయిమ్ అంటే హేత్, యోద్, యోద్, మేమ్, అంటే 57 నుంచి 64, తర్వాత 73 నుంచి 80 రెండుసార్లు, తర్వాత 97 నుంచి 104. దాని తర్వాత 'నెషామా' అక్షరాలు, అంటే ఆత్మ: నూన్, షీన్, మేమ్, హే. ఆ నూన్ భాగం మొదలయ్యేదే దీపం మాటతో, 105వ వచనం. మిష్నా అనే శాస్త్రాన్ని మెల్దాదోలో చదవడానికి కూడా ఇదే కారణం చెప్తారు, మిష్నా, నెషామా రెండిట్లోనూ హీబ్రూలో అవే నాలుగు అక్షరాలు. మాకు బైబిలు లేదు, పక్కింటి పిన్ని తనది తెచ్చి తనే చదివింది, చర్చిలో చదివే గొంతుతో, చాలా బాగా చదువుతుంది.

తినడానికి గుడ్లు చెయ్యండి. గుండ్రటి గుడ్డు, పుట్టుక చావుల చక్రానికి గుర్తని వాళ్ళు దుఃఖంలో తినేది అదే. 'వెవోస్ అమినాదోస్' అంటారు. వారంరోజుల ముందునుంచి ఉల్లిపొట్టు దాచండి, తాడేపల్లిగూడెం ఉల్లి హోల్‌సేల్ కొట్టు తెలిసుంటే సంచెడు ఊరికే ఇస్తారు. మందపాటి గిన్నె అడుగున పొట్టు దట్టంగా పరిచి, నాటుకోడి గుడ్లు పెట్టి, పైన మళ్ళీ పొట్టు, మునిగేదాకా నీళ్ళు, రెండు చెంచాల నూనె, ఉప్పు, మిరియాలు, చెంచాడు కాఫీపొడి. ఒక పొంగు రాగానే మంట పూర్తిగా తగ్గించి ఆరేడు గంటలు వదిలెయ్యండి, నీళ్ళు తగ్గితే వేడినీళ్ళే పొయ్యండి. పెంకు ఇటుకరంగుకొస్తుంది, లోపల తెల్లసొన టీ రంగులో, వాసన కాల్చిన ఉల్లిలా. వీటితో ఎండుద్రాక్ష, ఏదైనా పండు, బిస్కెట్లు పెట్టండి. అక్కడ ఒక్కో రకానికి ఒక్కో దీవెన పైకి చెప్పి అందరూ 'ఆమేన్' అన్నాకే తింటారు, అందుకే రకాలు పెడతారు. ఆ రోజు రొయ్య, పీత, వాలుగ, జెల్ల వండకండి, పొలుసూ రెక్కా లేని చేప వాళ్ళు ముట్టరు. పులసకి రెండూ ఉన్నాయి, కానీ ఆ ఖర్చుకి బదులు ఆయన పేరుమీద ఎవరికైనా బడి ఫీజు కట్టండి, వాళ్ళు దాన్ని 'సెదాకా' అంటారు, మెల్దాదోలో అది లేకుండా ఉండదు.

సమాధికి పువ్వులు పంపాలనుకోకండి, వాళ్ళు రాయి పెడతారు, వచ్చి వెళ్ళామని గుర్తుగా. మన డెల్టాలో రాయెక్కడిది, ఎంత తవ్వినా ఒండ్రుమట్టే. నేను పాపికొండలు వెళ్ళినప్పుడు ఏటి ఒడ్డున ఒక నున్నటి గులకరాయి ఏరుకుని, పనికి వెళ్తున్న మా ఊరి పిల్ల చేతికిచ్చి పంపాను. ఆయన కూతురు దాన్ని సమాధి మీద పెట్టి ఫొటో పంపింది, జెరూసలేం తెల్లరాళ్ళ మధ్య నల్లగా మన గోదారి రాయి.

ఊళ్ళో ఎవరైనా 'మనకెందుకు వాళ్ళ ఆచారం' అంటే కంగారు పడకండి. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాటన్ దొరని గోదావరి స్నానం సంకల్పంలో తలుచుకున్న నేల ఇది, పరాయివాడని అడ్డు పెట్టలేదు. కావాలంటే గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే, యూదు ఆచారాలు పాటించే బెనె ఎఫ్రాయిం అనే సమాజం వాళ్ళున్నారని, ప్రార్థనా మందిరం కూడా ఉందని చెప్పండి. హాహాంలంటే ఎవరని అడిగితే సాలమన్ గావోన్ గురించి చెప్పండి. 1912లో బోస్నియాలోని ట్రావ్నిక్‌లో లదీనో ఇంట్లో పుట్టి, లండన్‌లో స్పానిష్, పోర్చుగీసు యూదులకి హాహాం అయినాయన, తల్లిదండ్రుల్ని నాజీలు చంపేశారు. 1990లో స్పెయిన్‌లో ప్రిన్స్ ఆఫ్ ఆస్టూరియస్ అవార్డు సెఫర్డీ సమాజాలకిస్తే వాళ్ళందరి తరఫున అందుకుంది ఆయనే. వెళ్ళగొట్టిన దేశం దాదాపు 500 ఏళ్ళకి పిలిచి గౌరవించింది. ఆయన 1994లో పోయారు.

చదవడం, తినడం అయ్యాక వెంటనే లేవకండి. రూళ్ళ పుస్తకం తెచ్చి అందరికీ ఒక్కో మాట చదివి వినిపించండి, ఏ సందర్భంలో అన్నారో చెప్పండి. మా ఇంట్లో పిల్లలిప్పుడు గ్లాసు పగిలితే 'కపరా' అంటున్నారు. ఆయన పేరు పలికాక 'ఎన్ గనెదెన్ కె ఎస్తే' అనండి, స్వర్గవనంలో ఉండాలని. దీపాన్ని ఊది ఆర్పకండి, దానంతటదే కొండెక్కనివ్వండి. పడుకునే ముందు వచ్చే ఏటి హీబ్రూ తిథి ఏ రోజు పడుతుందో చూసి గోడ క్యాలెండరు చివరి పేజీ మీద రాసిపెట్టుకోండి, కొత్త క్యాలెండరు కొన్నాక దాన్లోకి ఎక్కించొచ్చు.